మా ఇంటి పాత గుర్రం బొమ్మ: తోమాలా, అమ్మాలా, అలాగే ఉంచాలా?

ములుగురోడ్డు_వాసి
పరకాల దగ్గర మా తాతగారి పెంకుటిల్లు పోయిన నెల విప్పించాం. దేవుడి అరలో, తలుపు వెనక ఎవరికీ కనిపించని గూట్లో, పాత గుడ్డలో చుట్టిన గుర్రం బొమ్మ ఒకటి దొరికింది. ఎత్తు జానెడు లోపే. ఒళ్లంతా నలుపు, గిట్టల దగ్గర పచ్చగా చిలుము. మెడలో గజ్జెల పట్టెడ, దాని మీద దారం చుట్టినట్టు సన్నని గీతలు. మా నాన్నకు కూడా దీని సంగతి తెలియదు.

పాత వస్తువులు కొనే ఒకాయన ఎలా తెలుసుకున్నాడో గానీ ఇంటికి వచ్చి చూశాడు. 30 వేలు ఇస్తాను, రెండు రోజుల్లో చెప్పండి అన్నాడు. తమ్ముడు ఇచ్చేద్దాం అంటున్నాడు. అమ్మ మాత్రం శుభ్రంగా తోమి దేవుడి దగ్గర పెడదాం అని చింతపండు, ఉప్పు వేసి ముందు కాలు ఒకటి తోమేసింది. ఆ కాలు ఇప్పుడు బంగారంలా మెరుస్తోంది. మిగతాది తోమవద్దని నేను అడ్డుపడ్డాను. ఎందుకు అడ్డుపడ్డానో నాకే సరిగా తెలియదు.

ఇది కంచా, ఇత్తడా? ఎంత పాతది? తెలిసినవారు చెప్పండి, ఇంట్లో రోజూ ఇదే గొడవ.

కాజీపేట_జంక్షన్
తోమకండి. ముందు ఆ చింతపండు డబ్బా ఎత్తి అటక మీద పెట్టండి.

పరకాల_కోడలు
ఎందుకు తోమకూడదో నాకు అర్థం కావడం లేదు. మా అత్తగారి ఇంట్లో రెండు తరాల ఇత్తడి బిందెలు, దీపపు సెమ్మెలు ఉన్నాయి. ప్రతి పండుగకూ చింతపండుతోనే తోముతాం. ఒక్కటీ పాడవలేదు. దేవుడి సామాను మసి పట్టి ఉంటే ఇంటికి మంచిదా? మీ అమ్మగారు చేసినదాంట్లో తప్పేమీ లేదు.

కంచరి_వీధి
కోడలు గారూ, బిందెకూ బొమ్మకూ తేడా ఉంది. మా తాత కంచరి పని చేసేవాడు, ఆయన దగ్గర విన్నది చెబుతాను. బిందె నునుపుగా ఉంటుంది. తోమినప్పుడల్లా వెంట్రుకవాసి లోహం పోయినా దానికి నష్టం లేదు. బొమ్మ అలా కాదు. దాని కన్ను, ముక్కుపుటం, జూలు, గజ్జె అన్నీ పైపొర మీదే ఉంటాయి. పదిసార్లు తోమితే కన్ను అరిగిపోతుంది. దేవాలయాల్లో రోజూ అభిషేకం జరిగే చిన్న విగ్రహాల ముఖాలు చూడండి, ముక్కూ నోరూ చెరిగిపోయి ఉంటాయి. పూజలో అరగడం వేరు, అది భక్తి చేసిన గుర్తు. ఒక్క మధ్యాహ్నంలో పీచుతో అరగదీయడం వేరు.

ఇక కంచా ఇత్తడా అన్న ప్రశ్న. రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి. మాట తేలికే, చూసి చెప్పడం కష్టం. పాత పోతల్లో రెండూ కలిసి ఉంటాయి, కాస్త సీసం కూడా పడుతుంది. పగిలిన గిన్నెలు, విరిగిన గంటలు అన్నీ మూసలో వేసి కరిగించేవాళ్లు. మోగించి చూడమని కొందరు చెబుతారు. అది గంటకూ కంచానికీ పనికివస్తుంది గానీ లోపల మట్టి ఉన్న బొమ్మకు పనికిరాదు.

నాకు మూడు సంగతులు చెప్పండి. బరువెంత? పొట్ట కింద రంధ్రం గానీ, మట్టి గానీ కనిపిస్తోందా? గీతలు చెక్కినట్టు లోపలికి ఉన్నాయా, అతికించినట్టు పైకి ఉన్నాయా?

జనగామ_బస్టాండు
మా పక్కనే పెంబర్తి. అక్కడి ఇత్తడి పని కాకతీయుల కాలం నుంచీ ఉందని చెబుతారు. గుళ్ల తలుపులకు, రథాలకు తొడుగులు అక్కడివే. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పరకాల ఎంత దూరమని? ఇది పెంబర్తి గుర్రమే అయి ఉంటుంది.

ఉట్నూరు_బడిపంతులు
పెంబర్తి పని అంటే నాకూ గౌరవమే, కానీ ఇది అది కాదు. పెంబర్తివాళ్ల గొప్పతనమంతా రేకులో ఉంది. రేకును లక్క మీద పరిచి, ఉలితో సుత్తితో కొట్టి రూపం పైకి తెస్తారు. బొమ్మ చేస్తే ముక్కలు అతుకుతారు, అతుకు ఎక్కడో ఒకచోట చేతికి తగులుతుంది. దారం చుట్టినట్టు గీతలు అనగానే నాకు ఆదిలాబాద్ డోక్రా, అంటే మైనపు తీగతో చేసే లోహపు పోత పని గుర్తొచ్చింది.

ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఈ పోత పని చేసే ఓజుల ఇళ్ల ముందు కూర్చుని ఆ పని మొదటి నుంచి చివరి దాకా చూశాను. ముందు మట్టితో గుర్రం ఆకారం చేసి ఆరబెడతారు. తేనె మైనాన్ని గుగ్గిలంతో కలిపి కాచి, మెత్తగా ఉండగానే సేమియా లాగా సన్నని తీగలు తీస్తారు. ఆ తీగను మట్టి బొమ్మ మీద పక్కపక్కనే, సందు లేకుండా చుట్టుకుంటూ పోతారు. నేను చూసిన రోజు ఒక ముసలమ్మ గుర్రం మెడ చుట్టూ తీగ తిప్పుతోంది. ప్రతి చుట్టుకూ బొటనవేలు తడి చేసుకుని ఒత్తుతోంది. కళ్లు సరిగా కనిపించవట, వేలికే తెలుస్తుందట. గజ్జెలంటే చిన్న మైనపు ఉండలు, కళ్లెమంటే రెండు తీగల జడ. దాని మీద మెత్తని మట్టి, తర్వాత గరుకు మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి దారి ఇస్తుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాలి. అచ్చు అక్కడితో పోయింది. అందుకే ఒక గుర్రంలాంటిది ఇంకొకటి ఉండదు.

గోండుల దేవతామూర్తులు, గంటలు, పండుగలకు నెమళ్లు, ఏనుగులు, గుర్రాలు వీళ్లే పోసి ఇస్తారు. దీనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ గుర్రం మీది గీతలు పైకి ఉబ్బి ఉంటే అది మైనపు తీగ గుర్తే.

ములుగురోడ్డు_వాసి
కంచరి_వీధి గారూ, ఇప్పుడే చూశాను. కిరాణా తక్కెడలో 1 కిలో 120 గ్రాములు. ఎత్తు 14 సెంటీమీటర్లు. పొట్ట కింద బఠాణీ గింజంత రంధ్రం ఉంది, అందులో నల్లగా కాలిన మట్టి కనిపిస్తోంది. గోటితో తాకితే రాలింది, ఆపేశాను. గీతలు పైకే ఉన్నాయి, వేలికి తగులుతున్నాయి. తోక మొదట్లో విరిగితే ఎవరో సీసంతో అతికించారు.

ఇంకొకటి. వీపు మీద జీను మధ్యలో నిలువుగా ఒక గుండ్రని రంధ్రం ఉంది. అది పొట్ట రంధ్రంలాగా ఎగుడుదిగుడుగా లేదు, కావాలని చేసినట్టు నున్నగా ఉంది.

కంచరి_వీధి
ఇది మైనపు పోత పనే. పంతులుగారి మాట నిజం. పొట్ట కింద రంధ్రం లోపలి మట్టి దిమ్మను పట్టి ఉంచడానికి పెట్టిన పుల్లదో, మేకుదో అయి ఉంటుంది. ఆ మట్టిని తవ్వకండి. బొమ్మ ఎప్పుడు పోశారో చెప్పగలిగే సాక్ష్యం ఉంటే అందులోనే ఉంటుంది.

రసాయనం_మాస్టారు
తోమిన కాలు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా కంగారంతా దాని గురించే. చింతపండులోని ఆమ్లం పైనున్న నల్లని పొరను కరిగిస్తుంది, అందుకే మెరుపు వస్తుంది. ఆ పొర మురికి కాదు, లోహం తనకు తాను కప్పుకున్న తొడుగు. అది పోయాక ఉప్పులోని క్లోరైడు సూక్ష్మమైన గుంతల్లోకి దిగుతుంది. వానాకాలం తేమ తగలగానే రాగితో కలిసి పని మొదలుపెడుతుంది. లేత పచ్చని పొడి పూస్తుంది, తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ లోపలి లోహాన్ని తింటూనే ఉంటుంది. మ్యూజియంలలో పాత కంచుకు అన్నిటికన్నా ఎక్కువగా భయపడే జబ్బు ఇదే.

గట్టిగా, ముదురు పచ్చగా అంటుకున్న చిలుముతో ప్రమాదం లేదు. మెత్తగా, సుద్దపొడిలా రాలే లేత పచ్చతోనే ప్రమాదం.

చేయవలసింది ఇది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు తెచ్చి, దూదిని తడిపి ఆ కాలు ఒక్కటే తుడవండి. దూది మారుస్తూ పదిసార్లయినా తుడవండి. బొమ్మను మాత్రం నీళ్లలో ముంచకండి, లోపలి మట్టి నీళ్లు తాగితే ఆరడం మహా కష్టం. తర్వాత పొడి గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు అందులో వేయండి. పదిహేను రోజులకొకసారి చూడండి. లేత పచ్చ పొడి కనిపిస్తే ఇంటి వైద్యం ఆపేసి మ్యూజియంలో సంరక్షణ పని చేసేవారిని అడగండి.

పరకాల_కోడలు
మాస్టారూ, అలాగైతే మా సెమ్మెల సంగతి ఏమిటి? వాటికి ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కదా.

రసాయనం_మాస్టారు
మీరు తోమాక బిందెడు నీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, నెల తిరగకుండా మళ్లీ తోముతారు కదా అమ్మా. ఉప్పు నిలవడానికి చోటూ లేదు, సమయమూ లేదు. సెమ్మెలు నిశ్చింతగా తోముకోండి.

మంచిర్యాల_బొగ్గు
చెప్పే మాట ఒకటే. ప్రభుత్వానికి తెలియనివ్వకండి, వచ్చి పట్టుకుపోతారు. 30 వేలు ఇచ్చేవాడు దొరికినప్పుడే ఇచ్చి ఊరుకోండి.

హనుమకొండ_వకీలు
ఇలా భయం పెట్టడం వల్లే ఊళ్లలో ఉన్న వస్తువులన్నీ దొంగదారిన పోయాయి. సంగతి ఇది. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. నూరేళ్లు దాటిన శిల్పం పురావస్తువు. లోహ శిల్పమైతే యజమాని రిజిస్టరు చేయించుకోవాలి. రిజిస్టరు చేయించినంత మాత్రాన వస్తువు ప్రభుత్వానిది కాదు, మీ ఇంట్లోనే ఉంటుంది. ప్రభుత్వం తీసుకోవాలంటే ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాలి, పరిహారం కట్టాలి.

దేశం లోపల అమ్ముకోవచ్చు. కానీ పురావస్తువులతో వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, రిజిస్టరైన వస్తువు చేతులు మారితే అధికారికి తెలియజేయాలి. ప్రైవేటు వ్యక్తి విదేశాలకు పంపితే నేరం, ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. మీ ఇంటికి వచ్చినాయన లైసెన్సు చూపించాడా? రసీదు ఇస్తానన్నాడా? రెండు రోజుల గడువు ఎందుకు పెట్టాడో ఆలోచించండి. నిజంగా కొత్త బొమ్మే అయితే అంత తొందర ఉండదు.

భూమిలో తవ్వుతుంటే దొరికితే దారి వేరు, కలెక్టరుకు చెప్పాలి. మీది ఇంటి గూట్లో, గుడ్డలో చుట్టి దొరికింది, అది మీ కుటుంబ వస్తువని చెప్పుకోవడానికి ఆధారాలు ఉంచుకోండి. గూడు, గుడ్డ, బొమ్మ ఫోటోలు తీసి తేదీ రాసి ఉంచుకోండి.

ములుగురోడ్డు_వాసి
లైసెన్సు ఊసే ఎత్తలేదు. రసీదు అడిగితే మన మధ్య రసీదులెందుకు అన్నాడు. తమ్ముడికి ఈ పోస్టు చదివి వినిపించాను. ఆలోచనలో పడ్డాడు. ఇల్లు విప్పడం అయిపోయింది కాబట్టి గూడు లేదు, గుడ్డ మాత్రం ఉంది.

కాజీపేట_జంక్షన్
గుడ్డ పారేయకండి!

హుజూరాబాద్_పత్తి
మా అనుభవం ఒకటి చెబుతాను. మా నాయనమ్మ పూజించిన చిన్న నంది ఉండేది, మూపురం మీద గంట, మెడలో రుద్రాక్షలు. మెరుగు పెట్టిస్తామని పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చాం. వారానికి తిరిగి ఇచ్చారు. చక్రం మీద పెట్టి రుద్దితే రుద్రాక్షలన్నీ కలిసి ఒక తాడులా అయిపోయాయి. నాయనమ్మ చేతిలోకి తీసుకుని, తడిమి, ఇది మన నంది కాదు అంది. బొమ్మ అదే. కానీ ఆమె చేతికి తెలిసిన నంది అది కాదు. ఆమె పోయే దాకా దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటోంది.

పరకాల_కోడలు
ఇది చదివాక నేను ఇంకేమీ అనను. బొమ్మను తోమవద్దని మీ అమ్మగారికి నేను చెప్పానని చెప్పండి.

గోదావరిఖని_షిఫ్టు
పాత కంచు జంతువులు అంటే నాకు వెంటనే దైమాబాద్ తలపుకొస్తుంది. మహారాష్ట్రలో, మన గోదావరికి ఉపనది ప్రవర ఒడ్డున ఉంది. 1974లో ఒక భిల్లు రైతుకు చెట్టు మొదట్లో తవ్వుతుంటే నాలుగు బొమ్మలు దొరికాయి. ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు, ఎడ్లు లాగే బండి మీద నిలబడిన మనిషి. నాలుగూ కలిపి 60 కిలోల పైమాట. అన్నీ మైనపు పోతలే, చక్రాల మీద నడిచేలా చేసినవి. వాటి కాలం మీద పండితుల్లో వాదనలున్నా, చాలామంది సింధు నాగరికత చివరి దశవి అంటారు. ఆ ఖడ్గమృగం చర్మం మడతలు ఫోటోలో చూసినా చేతికి తగిలినట్టే ఉంటాయి. ఆ రైతు ముక్కలు చేసి పాత సామానులో అమ్ముకుని ఉంటే మనకు ఒక్కటీ మిగిలేది కాదు.

జనగామ_బస్టాండు
పెంబర్తి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక అనుమానం. ఈ రోజుల్లో కొత్త డోక్రా బొమ్మలు కొని, ఆమ్లం పూసి, మట్టిలో పూడ్చి పాతవని అమ్మేవాళ్లు ఉన్నారు. ఇది అలాంటిది కాదని ఎలా చెప్పాలి?

కంచరి_వీధి
మంచి ప్రశ్న. పూసిన పచ్చదనం అంతటా ఒకేలా ఉంటుంది, తడి దూదితో రుద్దితే అంటుకుని వస్తుంది. అసలు చిలుము లోహంలోంచి పుట్టింది కాబట్టి అలా రాదు. ఇంకా ముఖ్యమైనది అరుగుదల. నిజంగా చేతుల్లో తిరిగిన బొమ్మ పట్టుకునే చోటే అరుగుతుంది. మెడ పైభాగం, పిరుదులు నున్నబడతాయి, కాళ్ల సందుల్లో గీతలు కొత్తగానే ఉంటాయి. మోసగాడు అన్నిచోట్లా సమానంగా అరగదీస్తాడు. తోక విరిగితే సీసంతో అతికించి వాడుకున్నారంటే ఎవరో దాన్ని పారేయలేకపోయారని కూడా అర్థం.

ఏ లోహమో తెలియాలంటే బంగారం నాణ్యత చూసే యంత్రం ఉన్నచోటికి తీసుకెళ్లండి. గీయకుండా, కరిగించకుండా రాగి, జింకు పాళ్లు చెబుతుంది. తగరం కూడా చూపిస్తుందా అని ముందే అడగండి. అది పైపొరను మాత్రమే చదువుతుంది, కాబట్టి పాపం మీ అమ్మగారు తోమిన కాలే ఇప్పుడు పనికివస్తుంది.

ములుగురోడ్డు_వాసి
అమ్మకు ఈ మాట చెప్పగానే ముఖం విప్పారింది. మెడ, పిరుదులు నున్నగానే ఉన్నాయి. గజ్జెల సందుల్లో, జూలు కింద పసుపుపచ్చని పొడి గట్టిగా అంటుకుని ఉంది. చిలుము అనుకున్నాను గానీ రంగు వేరు.

ఐనవోలు_జాతర
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు ఉండలేకపోతున్నాను. వీపు మీద రంధ్రం, సందుల్లో పసుపు. అన్నా, అది మల్లన్న గుర్రం అయి ఉంటుంది!

మాది ఐనవోలు దగ్గర. మల్లన్న స్వామి గుర్రం ఎక్కి వస్తాడని మా నమ్మకం. సంక్రాంతికి జాతర మొదలైతే ఉగాది దాకా సాగుతుంది. ఒగ్గు పూజారులు పట్నం, అంటే రంగుల ముగ్గు వేసి కథ చెబుతారు, చల్లేదంతా బండారి, అంటే పసుపే. ఇంటి దేవుడి మీద కూడా ఆ బండారే చల్లుతాం. గుర్రాన్ని ఒకటిగా, దాని మీద కూర్చునే స్వామిని వేరేగా పోసి, కింద మొలక, అంటే మేకు లాంటి చిన్న ముక్క పెట్టి జీను రంధ్రంలో దించే బొమ్మలు మా బంధువుల ఇళ్లలో చూశాను. మీ గుర్రం మీద మనిషి ఉండాలి. ఆ రంధ్రం ఆయనదే.

ఉట్నూరు_బడిపంతులు
నాకు ఒళ్లు పులకరించింది. అయితే మా ఓజుల పనే అని నేనూ గట్టిగా అనలేను. మైనపు తీగ పని చేసే కుటుంబాలు ఒకప్పుడు ఊరూరూ తిరిగేవి. ఎవరు పోశారన్నది మ్యూజియంవాళ్లు పక్కపక్కన పెట్టి చూసి చెప్పాలి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో కంచు విగ్రహాల గది ఉంది, ఒకసారి వెళ్లి చూడండి.

రసాయనం_మాస్టారు
ఆ పొడి పసుపా కాదా అన్నది ఇంట్లోనే తేల్చవచ్చు. పొడి పుల్లకు దూది చుట్టి, సందులో ఒక్కసారి మెల్లగా అద్దండి. ఆ దూదిని బొమ్మకు దూరంగా తీసుకెళ్లి సున్నపు తేటలో ముంచండి. పసుపైతే ఎర్రబడుతుంది. దిష్టి నీళ్లు కలిపిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన పరీక్షే. సున్నం మాత్రం బొమ్మకు తగలనివ్వకండి, పొడి మొత్తం తీసేయకండి.

ములుగురోడ్డు_వాసి
అమ్మే చేసింది. తమలపాకుల సున్నం నీళ్లలో కలిపి, తేట తీసి, దూది ముంచింది. ఎర్రబడింది. కొంచెమే, అంచులో, కానీ ఎర్రబడింది. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మెడ కూడా తోమి ఉంటే ఇది పోయేది కదా అని అమ్మే అంది.

బొమ్మలు కొనే ఆయనకు తమ్ముడే ఫోను చేసి ఇవ్వడం లేదని చెప్పాడు. ఆయన 45 వేలకు పెంచాడు. తమ్ముడు ఫోను పెట్టేశాడు.

మంచిర్యాల_బొగ్గు
నేను అన్న మాట తప్పు. అమ్మకండి. రిజిస్టరు చేయించండి.

ఐనవోలు_జాతర
మీ కుటుంబం ఎప్పుడైనా పంపకాలు చేసుకుందా? దేవుడి సామాను అన్నదమ్ములు పంచుకుంటే గుర్రం ఒకరికి, స్వామి ఒకరికి వెళ్లడం జరిగేదే. పెద్దవాళ్లను అడగండి.

ములుగురోడ్డు_వాసి
మీరు అడిగింది నాన్నను అడిగాను. తాతగారి అన్న వాటా తీసుకుని జమ్మికుంట వెళ్లిపోయారట. ఆ ఇంటి అత్తయ్యకు ఇప్పుడు 80 దాటాయి. ఫోను చేస్తే, గుర్రం సంగతి తెలియదు గానీ తమ దేవుడి మూలన కాళ్లు ఎడంగా పెట్టుకుని కూర్చున్న చిన్న బొమ్మ ఉందని, నిలబెడితే నిలవదని, అందుకే ఎప్పుడూ గోడకు ఆనించి పెడతామని చెప్పింది.

కంచరి_వీధి
వెళ్లేటప్పుడు గుర్రాన్ని తీసుకెళ్లకండి, దారిలో కుదుపులు వద్దు. రంధ్రం వెడల్పు, లోతు కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ బొమ్మ కింద మొలక ఉందేమో చూడండి. ఉంటే అది కూడా కొలవండి. సరిపోయినట్టు అనిపించినా నొక్కి దించవద్దు, పాత లోహం పెళుసు.

పరకాల_కోడలు
అత్తయ్యకు చెప్పండి, ఆ బొమ్మను కూడా తోమవద్దని.

ములుగురోడ్డు_వాసి
కొలిచాను. వెడల్పు 6 మిల్లీమీటర్లు, లోతు 11. అమ్మ కూడా వస్తానంటోంది. ఆదివారం పొద్దున బస్సుకు జమ్మికుంట వెళ్తున్నాం.